దారం కట్టిన సీసా

"పాప నోట్లో ఏం పెట్టావో చెప్పమ్మా. నేనేమీ అనను. నిజం చెప్పు, చాలు."

ఏమీ అననంటూనే ఆడపడుచు ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తోంది. డ్యూటీ దిగి నేరుగా పుట్టింటికి వచ్చినట్టుంది. కండక్టరు సంచీ ఇంకా భుజానే వేలాడుతోంది. ఆసుపత్రివాళ్లు ఇచ్చిన రక్తపరీక్ష కాగితం చేతిలో నలిగి ఉండచుట్టుకుపోయింది.

"నేనేం పెడతానే? నువ్వు తూచిచ్చిన అన్నం పెట్టా. నువ్వు కొలిచిచ్చిన ఆ మందు పొడి కలిపి పట్టా. అదేమన్నా అమృతమా, నేను దొంగతనంగా ఇంకో గుక్క పట్టడానికి?" అంది అత్తగారు. కుర్చీలో కూర్చునే ఉంది గానీ రెండు చేతులూ కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి.

"మరి రక్తంలో అది ఇంతకింత ఎట్లా అయింది? గాల్లోంచి వచ్చిందా?"

"ఏమో తల్లీ. నీ అరుపులకే పెరిగిందేమో."

మామూలు రోజైతే ఈ మాటకు కోడలు వంటింట్లోంచే నవ్వేది. అత్తగారి నోటికి ఆ ఇంట్లో మొదటి శ్రోత ఆమే. ఇవాళ మాత్రం గరాటు చేత్తో పట్టుకుని గుమ్మంలో అట్లాగే నిలబడిపోయింది. సిరప్పు చుక్క ఒకటి గరాటు మొనమీంచి జారి ఆమె పాదం మీద పడింది. తుడుచుకోలేదు.

పాప లోపలి గదిలో రంగు పెన్సిళ్లు పరుచుకుని కూర్చుంది. తినేది గుప్పెడు కాబట్టి ఇంట్లో అందరికీ అది పిచ్చుక. ఐదేళ్లు. మన ఒంట్లో ఇట్టే అరిగిపోయే ప్రోటీనులో ఒక భాగం ఆ పిల్ల ఒంట్లో అరగదు. పుట్టుకతో వచ్చిన లోపం. అరగనిది రక్తంలో పేరుకుంటే నేరుగా మెదడు మీద పడుతుంది. అందుకే ఆ పిల్లకు పాలు లేవు, పప్పు లేదు, గుడ్డు లేదు. అన్నం కూడా తూకమే. వాటికి బదులు పూటపూటా ఒక మందు పొడి నీళ్లలో కలిపి తాగాలి. అరగని ఆ పదార్థానికి డాక్టర్లు పెట్టిన పేరు అత్తగారికి నోరు తిరగదు. 'ఆ పెద్ద పేరుది' అంటుంది.

"వాళ్ల టీచరు పిలిపించి మాట్లాడింది." ఆడపడుచు గొంతు ఒక మెట్టు దిగింది. దిగినకొద్దీ వినడం కష్టమైంది. "అన్నీ ముందుగా చెప్పే పిల్ల, ఇప్పుడు పిలిస్తే పలకట్లేదట. ఊరికే ఏడుస్తోందట. పక్కపిల్లను కొరికిందట. నా కూతురు కొరకడమేంటి? డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి ఏం అడిగిందో తెలుసా? 'మీ ఇంట్లో ఎవరు జాలిపడుతున్నారు?' అంది."

ఆడపడుచు తల్లి కుర్చీ ముందుకు వచ్చి నిలబడింది.

"చెప్పమ్మా. మన ఇంట్లో ఎవరు జాలిపడుతున్నారు?"

"కాస్త నెమ్మదిగా అడగవే. ఇది బస్సు కాదు, అమ్మ ఫుట్‌బోర్డు మీద వేలాడట్లేదు" అన్నాడు అన్న, కోడలి భర్త. తేలిక చేయబోయాడు గానీ పొసగలేదు.

"నువ్వు మాట్లాడకు అన్నయ్యా. నీ పిల్లయితే తెలిసేది."

ఆ ఇంట్లో ఎవరూ తాకని చోటు అది. కోడలికి పిల్లలు లేరు. అన్న తల దించుకున్నాడు. ఆడపడుచు కూడా ఆ మాట అన్నాక వదిన వైపు చూసి, చటుక్కున చూపు తిప్పుకుంది. మరోరోజైతే కోడలికి కడుపులో కత్తి దిగినట్టుండేది. ఇవాళ ఆ దెబ్బ తగిలినందుకు ఎక్కడో కాస్త ఊరట కలిగింది. ఇంకా నాలుగు అను, అనుకుంది మనసులో.

"సగం బిస్కెట్టు" అంది అత్తగారు.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మొన్నామధ్య ఒకరోజు... పక్కింటి పిల్లలు మెట్లమీద కూర్చుని తింటున్నారు. ఇది వాళ్ల నోళ్లకేసి చూస్తోంది. అడగలేదే. అడిగుంటే కసిరేదాన్ని. అడక్కుండా చూస్తోంది. సగం విరిచి పెట్టా." ఆమె కళ్లు కూతురి మీద కాదు, నేలమీద ఉన్నాయి. "సగమేనే. ఒట్టు."

ఆడపడుచు అరవలేదు. కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. జిప్పు లాగింది.

"ఇంక నా బిడ్డ నీ చేతి నీళ్లు కూడా తాగదు" అంది.

*

వెనక గదిలో కోడలి భర్త క్రేట్లు ఒకదానిమీద ఒకటి ఎత్తుతున్నాడు. పెరటి గుమ్మం ముందు మూడు చక్రాల బండి వెనక్కి పెట్టి ఉంది. నిమ్మ సిరప్పు, అల్లం సిరప్పు, సగం బండి నిండింది. ప్రతి సీసా మీదా పచ్చటి ఆకు బొమ్మ. కింద 'చక్కెర లేదు, రసాయన తీపి లేదు, ఆకు తీపి మాత్రమే' అని అక్షరాలు. ఆ కింద ఆహార శాస్త్రంలో కోడలు చదివిన డిగ్రీ. ఆమె పుట్టింట్లో అంతకుముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. 'చదివింది దాచుకుంటారా ఎవరైనా, వేయించు' అని పట్టుబట్టి ఆ రెండు అక్షరాలూ అచ్చు వేయించింది అత్తగారే.

"పోనీలే, ఎక్కడ జరిగిందో తెలిసింది" అన్నాడు అతను. "అమ్మది పొరపాటే. కానీ చెల్లి మరీ అంత మాట అనకుండా ఉండాల్సింది."

"క్రేట్లు దింపండి."

"ఏం? మూతలు సరిగా పడలేదా?"

"మూతలు బాగానే ఉన్నాయి. దింపండి."

"క్యాంటీనువాళ్లు పొద్దున్నించి రెండుసార్లు ఫోన్ చేశారు. ఈ మధ్య మన సరుకు రుచి బాగుపడిందట. వెనకటి చేదు లేదంటున్నారు. నీ చేతికి దండ వెయ్యాలంటున్నాడు మేనేజరు."

ఆమె బీరువా వెనక చెయ్యి పెట్టి ఒక డబ్బా తీసి బల్లమీద పెట్టింది. పాత టీపొడి డబ్బా. మూత తీసింది. లోపల మెత్తటి తెల్లపొడి.

అతను వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. మొహం చిట్లించాడు. "అబ్బ, ఏంటీ తీపి! ఎక్కడిది?"

"బజారుది. ఫ్యాక్టరీలో చేసే తీపి."

"విషమా?"

"కాదు. లోకమంతా తింటోంది. కొలత మించకపోతే మీకూ ఏం కాదు, నాకూ ఏం కాదు." ఆమె డబ్బా మూత పెట్టింది. "కానీ అందులో చాలా భాగం ఆ పెద్ద పేరుదే."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత ఖాళీ క్రేటు బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

అసలు ఈ వ్యాపారం మొదలైందే పిచ్చుక కోసం. మందు పొడి వాసనకు పిల్ల వాంతి చేసుకునేది. చక్కెర వేసి పట్టారు. పూటపూటా చక్కెర నీళ్లు తగిలి పాల పళ్లు పుచ్చిపోయాయి. పళ్ల డాక్టరు చక్కెర మానమన్నాడు. బజార్లో చక్కెర లేని సిరప్పులు తెస్తే, చాలావాటి మీద ఈ జబ్బున్నవాళ్లు తాగకూడదని సన్నటి అక్షరాలతో రాసి ఉంది. అప్పుడు కోడలే పుస్తకాలు తిరగేసి, స్టీవియా అనే మొక్క ఆకులు తెప్పించి, నానబెట్టి, మరగబెట్టి, వడకట్టి మొదటి సీసా చేసింది. ఇంట్లో దాన్ని తీపాకు అన్నారు. పిచ్చుక ముక్కు మూసుకోకుండా మందు తాగిన రోజు ఆడపడుచు వదినను పట్టుకుని ఏడ్చింది.

ఆనాటి నుంచి ఒక పద్ధతి. ఏ సరుకు వండినా మొదటి సీసా పాపది. అత్తగారే స్వయంగా నింపి, మెడకు దారం కట్టి, అలమారలో పెడుతుంది. కొనడానికి వచ్చినవాళ్లకు ఆ దారం సీసా చూపించి, 'మా మనవరాలు తాగేదే మీకూ పోస్తున్నాం' అంటుంది. అంతకుమించిన ప్రకటన ఆ ఇంటికి అక్కర్లేకపోయింది.

ఆ తర్వాత ఒక వానల్లో ఆకు బూజు పట్టి వచ్చింది. క్యాంటీనుకు సరుకు పంపాల్సిన రోజు దగ్గరపడింది. ఈ ఒక్కసారికీ అని కోడలు తెల్లపొడి తెచ్చింది. తాగినవాళ్లు మెచ్చుకున్నారు. ఆకుకు ఉండే ఆ వెనకటి చేదు లేదు కదా మరి. ఒక్కసారి రెండైంది, రెండు అలవాటైంది.

పాపను మాత్రం ఆమె మరవలేదు. మిగిలిన మంచి ఆకుతో పాపకు వేరే సీసా చేసేది. అత్తగారు దారం కట్టి వెళ్లాక, ఎవరూ చూడకుండా ఆ దారం విప్పి ఆకు సీసా మెడకు కట్టేది. పాపకు వేరేది చేస్తున్నానని పైకి చెప్పడానికి లేదు. చెబితే మనవరాలు తాగేదే అందరికీ పోస్తున్నామనే మాట అబద్ధమైపోతుంది.

పోయిన నెల దారం మార్చకముందే ఆమెకు క్యాంటీను నుంచి పిలుపు వచ్చింది. తిరిగి వచ్చేసరికి అలమారలో ఆ చోటు ఖాళీగా ఉంది. ఆడపడుచు వచ్చి పట్టుకెళ్లిందని అత్తగారు చెప్పింది. కోడలు ఫోను చేతిలోకి తీసుకుంది. సీసా వెనక్కి ఇమ్మంటే, ఎందుకని అడుగుతుంది. ఫోను పక్కన పెట్టింది. నీళ్లలో కలిపేది చెంచాడే కదా అనుకుంది. ఆ మాట తనకు తాను చెప్పుకుంటున్నప్పుడే అది అబద్ధమని ఆమెకు తెలుసు. చదువుకున్నది అదే మరి.

"ఒక్క సీసాయేనా?" అన్నాడు అతను.

"నెలంతా తాగింది. మూడు పూటలా."

అతను బయటకు, బండి వైపు చూశాడు. లేచి పెరటి తలుపు దగ్గరకు వేశాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మ ఒప్పుకుందిగా."

"ఏమిటి?"

"బిస్కెట్టు పెట్టిన మాట నిజమే కదా. మనం అబద్ధం ఆడమనట్లేదుగా. ఈ పూటే ఆకు సీసా ఇచ్చి పంపించు. ఆ సీసా ఇటు తెప్పించేద్దాం. రక్తంలో అది దానంతటదే దిగుతుంది. ఈ డబ్బా కాలవలో పారబోస్తా. ఇక ఎవరికి తెలుస్తుంది?"

"అత్తయ్యకి?"

"వాళ్లు తల్లీకూతుళ్లు. ఇవాళ జుట్టు పట్టుకుంటారు, రేపు ఒకరికొకరు తల దువ్వుకుంటారు. నువ్వు..." అతను ఆగాడు.

"చెప్పండి."

"నువ్వు కోడలివి. అమ్మను క్షమించినట్టు నిన్ను క్షమించరు."

ఆ మాటలో ప్రేమే ఉంది. అందుకే ఆమెకు మరీ భయమేసింది. ఎందుకంటే అతను చెప్పినదంతా పొద్దున్నుంచీ ఆమె లోపల ఎవరో చెబుతూనే ఉన్నారు. ఇదే గొంతుతో, ఇదే వరసలో.

"క్రేట్లు దింపండి" అంది మళ్లీ. లోపలికి నడిచింది.

*

వంటింట్లో అత్తగారు బిస్కెట్ల డబ్బా చెత్తబుట్టలో వంపేసి, ఖాళీ డబ్బాను రుద్ది రుద్ది కడుగుతోంది. పాప గ్లాసు, పాప చెంచా, పాప పళ్లెం అప్పటికే తోమి విడిగా ఒక గుడ్డమీద బోర్లించింది. తను ఇంక వాటిని ముట్టకూడదని తనకు తానే తీర్పు చెప్పేసుకున్నట్టుంది.

"అమ్మాయ్."

"ఆఁ అత్తయ్యా."

"ఒకటి అడుగుతా. నువ్వు చదువుకున్నదానివి." ఆమె కొళాయి కట్టేసింది. "సగం బిస్కెట్టుకు ఇంత అవుతుందా?"

కోడలు గుడ్డమీది పాప గ్లాసును సరిచేసింది.

"అదైతే కోపంలో ఉంది. డాక్టరమ్మ మన మొహం చూడలేదు. నువ్వు ఉన్నదున్నట్టు చెబుతావు. అవుతుందంటే, సరే, ఈ పాపం నాదేనని మూలన కూర్చుంటా. పిల్ల మెదడుకు ఏమన్నా అయితే... నేను పెట్టిన ముద్దే దానికి..." తడిచేత్తోనే నోరు మూసుకుంది. "కళ్లు మూసుకుంటే అదే కనబడుతోంది. అది ఆ బిస్కెట్టు చివర్లు చప్పరించుకుంటూ తిన్నది. ఎంత మురిసిపోయిందో!"

ఒక్క మాట. 'అవుతుంది' అంటే చాలు. ఆ పెద్దావిడ నమ్ముతుంది. చచ్చేదాకా నమ్ముతుంది. కోడలు చదివిన చదువు మీద ఆ ఇంట్లో అందరికంటే గురి ఆమెకే.

"అవదు అత్తయ్యా" అంది కోడలు.

"ఆఁ?"

"ఒక్క సగం బిస్కెట్టుకు ఇంత అవదు."

అత్తగారి మొహంలో ముందు వెలుగు వచ్చింది. వెంటనే కనుబొమలు ముడిపడ్డాయి. "మరి దేనికైంది?"

అప్పుడే ఆడపడుచు పిచ్చుకను చంకనేసుకుని వంటింట్లోకి వచ్చింది. మొహం కడుక్కున్నట్టుంది. తల్లి వైపు చూడకుండా, ఆమె అక్కడ లేనట్టే, పాప సంచీలోంచి సీసా ఒకటి తీసి గట్టుమీద పెట్టింది. మెడకు దారం. అడుగున కొంచెమే మిగిలింది.

"వదినా, ఇందాక నోరు జారాను. ఆ మాట అనకూడనిది. చెప్పుచ్చుకు కొట్టు, పడతా."

"అదేం లేదు..."

"విను. రేపటినుంచి నాకు పొద్దున డ్యూటీ. దీన్ని నీ దగ్గరే వదిలేస్తా. నీ చేత్తో తూచి నువ్వే పెట్టు, నువ్వే కలుపు. ఈ ఇంట్లో ఇంక నేను నమ్మేది నిన్నొక్కదాన్నే." ఆమె వదిన చెయ్యి పట్టుకుంది. "నా బిడ్డకు నువ్వు రెండో అమ్మవి."

అత్తగారు గోడవైపు తిరిగి గుడ్డతో గట్టు తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది.

"మందు వేళైంది. ఇప్పుడే మొదలుపెట్టు, నేనూ చూస్తా" అంటూ ఆడపడుచు పాపను గట్టుమీద కూర్చోబెట్టింది.

కోడలు పొడి తూచింది. నీళ్లు పోసింది. చెంచాతో కలిపింది. చెయ్యి దానంతట అదే పని చేసుకుపోతోంది. దారం సీసా వైపు చెయ్యి వెళ్లలేదు.

"అత్తా, సిరప్పు ఎక్కువ వెయ్యి" అంది పిచ్చుక. "ఇప్పుడు మంచిగుంది. ఇంతకుముందు చేదు ఉండేది. ఇప్పుడు లేదు. నువ్వు మంచిగా చేస్తున్నావు."

"చూశావా, దానికి కూడా తెలుసు" అని నవ్వి ఆడపడుచు తానే సీసా మూత తీసింది.

కోడలు ఆ సీసాను ఆమె చేతిలోంచి లాక్కుంది. సింకులో బోర్లించింది. సిరప్పు బడబడమంటూ పోయింది. పాప బిత్తరపోయి, నోరు తెరిచి, ఏడుపు లంకించుకుంది.

"వదినా! పిచ్చెక్కిందా?"

"అందులో ఆకు లేదు."

"ఏంటి?"

"ఆకు కాదది. బజారు తీపి పొడి. సీసాల మీద తాగకూడదని రాసి ఉంటుందే, అదే. నేనే కలిపాను. మీ అమ్మ తప్పేం లేదు. బిస్కెట్టు వల్ల కాదు. నా వల్ల." ఎక్కడా ఆగితే మళ్లీ చెప్పలేనేమోనన్న భయంతో ఆమె ఒక్క ఊపిరిలో చెప్పింది. "పాపకు వేరే చేసేదాన్ని. పోయిన నెల మార్చేలోపే నువ్వు పట్టుకెళ్లావు. నాకు తెలిసింది. తెలిసీ ఫోన్ చెయ్యలేదు."

పెరటి గుమ్మంలో ఆమె భర్త వచ్చి నిలబడ్డాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

ముందు మాట్లాడింది అత్తగారు.

"నా చేత్తోనే నింపానే" అంది. కోడలితో కాదు, తన చేతులతో అన్నట్టుంది. "నా చేత్తోనే దారం కట్టానే, అమ్మాయ్."

నన్ను కొట్టినా బాగుండును అనిపించింది కోడలికి. ఆడపడుచు వైపు తిరిగి నిలబడింది. ఆ అరుపు కోసం, ఆ తిట్టు కోసం, ఏదైనా సరే, దాని కోసం ఎదురుచూసింది.

ఆడపడుచు అరవలేదు. పాపను ఎత్తుకుని భుజానికి అదుముకుంది. ఆమె చూపు సింకులోని ఖాళీ సీసా మీద ఆగిపోయింది. పెదవులు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదిలాయి. మొహంలో రంగు ఒక్కసారిగా దిగిపోయింది.

"ఇదంతా దీనికే పట్టలేదు వదినా" అంది. గొంతు ఆమెది కాదు.

"అంటే?"

"ఆసుపత్రిలో ఒకావిడ కనబడింది. వాళ్ల బాబుకూ ఇదే జబ్బు. పొడి తాగట్లేదని ఏడుస్తోంది. మా వదిన చేస్తుంది, ఆకుతో చేస్తుంది, కళ్లు మూసుకుని పట్టమని నేనే చెప్పా. సగం వేరే సీసాలో వంపి ఇచ్చా."

కోడలు గట్టు పట్టుకుంది. "బాబుకు ఎన్నేళ్లు?"

"ఇంకా మాటలు రాలేదు."

"ఫోన్ నంబరు?"

"లేదు. పేరు కూడా అడగలేదు. నా బస్సే ఎక్కి వెళ్లింది, దిగిన స్టాపు తెలుసు." ఆమె పాపను అత్తగారి చేతుల్లో పెట్టింది. ఇందాక అన్న మాట గుర్తున్నట్టు కూడా లేదు. అత్తగారు మాత్రం ఆ పిల్లను ఎత్తుకోవచ్చో లేదో తెలియనట్టు ఒక క్షణం తటపటాయించి, గబుక్కున గుండెలకు హత్తుకుంది.

ఆడపడుచు అప్పటికే సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతోంది. కోడలు చెప్పులు వెతుక్కుంటూ వెనకే పరుగెత్తింది.

"నువ్వెక్కడికి?"

"ఆ స్టాపులో ప్రతి ఇంటి తలుపూ తడతా. ఏం కలిపానో ఆవిడకు నేనే చెప్పాలి."

ఆడపడుచు వీధిలో ఆగింది. ఆ నిలబడటం చూస్తే ఇప్పుడైనా చెయ్యి ఎత్తుతుందనిపించింది. ఎత్తలేదు. దూరంగా మలుపులో కనబడిన బస్సుకు ఆ చెయ్యి అడ్డం పెట్టింది.

"రా" అంది, తల తిప్పకుండానే. "నా పక్కన మాత్రం కూర్చోకు."